వంతెన ఎక్కని మోటారు సైకిలు

బాపిరాజు మోటారు సైకిలు మొదటిసారి వంతెన ఎక్కుడులో ఆగిపోయినప్పుడు రాజులంకలో ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి ఆగితే నవ్వారు. మూడోసారి ఆగేసరికి పురోహితుడు వేంకటాచలంగారికి కబురు వెళ్ళింది.

అసలు దోషి మాత్రం ఆ మూడు సాయంత్రాలూ వంటింటి కిటికీ వెనక నిలబడి, ఏలూరు వెళ్ళాల్సిన మొగుడు తల వేలాడేసుకుని తిరిగి రావడం చూస్తూ, నవ్వు బయటికి రాకుండా పమిట చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆమె పేరు రాజకుమారి. బాపిరాజు భార్య. కాపురానికి వచ్చి ఏడాది దాటినా ఆమె రాజులంక వీధి చూడలేదు. ఘోషా పాటించే ఇల్లు అది. ఆడవాళ్ళు గడప దాటాలంటే పెరట్లోకి గూడుబండి రావాలి, ముందూ వెనకా తెరలు దించాలి, అప్పుడు గాని బండి కదలడానికి లేదు. ఆ తెర సందులోంచి ఆమె ఇంతవరకు చూసిన ప్రపంచమల్లా ఎడ్ల తోకలే.

ఆమె కోరిక ఒక్కటే. మొగుడి మోటారు సైకిలు వెనక కూర్చుని, మొహానికి గాలి కొడుతుండగా ఏలూరు వెళ్ళి ఒక్క సినిమా చూడాలి.

ఆ బండి కథ కొంచెం చెప్పాలి. యుద్ధం అయ్యాక మిలటరీవాళ్ళు వేలంలో వదిలించుకున్న సరుకు అది. చేతులు మారి మారి, రంగు మీద రంగు పూయించుకుని, పందొమ్మిది వందల యాభై ఆరులో బాపిరాజు దగ్గరికి చేరింది. ఎడారిలో తిరగడానికి చేసిన బండి అని అమ్మినవాడు చెప్పాడు. బాపిరాజు ఆ మాట కనబడినవాళ్ళందరికీ చెప్పేవాడు. రోజూ పొద్దువాలేసరికి దాన్ని ఏలూరు ఉరికించి, క్లబ్బులో పేకాటకి కూర్చుని, ఊరంతా నిద్రపోయాక తిరిగొచ్చేవాడు. అతని తల్లి రాజేశ్వరమ్మ కొడుకు అన్నం మీద మూత పెట్టి, ఆ మూత వంక చూస్తూ కూర్చునేది.

అయితే ఎడారి బండి కూడా కొల్లేటి వేసవికి తట్టుకోలేకపోయింది. ఎండలు ముదిరి సరస్సు వెనక్కి తగ్గాక, రాజులంక నుంచి కాలవ వంతెన దాకా దారంతా బండి చక్రాలు నలగ్గొట్టిన మన్నే. పిండిలా లేస్తుంది. రెండు వారాలు ఆ పిండి మింగి బండి దగ్గడం మొదలుపెట్టింది. ఏలూరు నుంచి మెకానిక్కు కొండలరావుని పిలిపించారు.

కొండలరావు సీటు కిందున్న గుండ్రటి రేకు డబ్బా చెవుల నట్టు తిప్పి, మూత తీసి, లోపలి నుంచి నల్లటి చుట్ట ఒకటి బయటికి లాగాడు. తీగ జల్లెడ, దాని చుట్టూ కంబళి లాంటి మందపాటి గుడ్డ. ఆ గుడ్డ అతని చేతిలోనే ముక్కలైంది.

"ఇదేంటయ్యా?" అన్నాడు బాపిరాజు.

"ఎయిర్ ఫిల్టరండి. మేం గాలి డబ్బా అంటాం. మనిషికి ముక్కెలాగో బండికి ఇదలాగండి. ఇంజను పెట్రోలొక్కటే తాగి బతకదు కదండీ, గాలీ పీలుస్తది. మన దుమ్ము సూటిగా లోపలికెళ్ళిందంటే పిస్టను గీరుకుపోద్ది. అందుకని ఇది అడ్డం."

"మరి ఇదెందుకు ఇలా అయింది?"

"ఆయ్, మీరు దీని మొహం ఎప్పుడూ చూడలేదు గదండీ."

బాపిరాజుకి ఆ మాట గుచ్చుకుంది. కొండలరావు తన సంచిలోంచి కొత్త గుడ్డ తీసి, కొలిచి, కోసి, జల్లెడకి చుట్టి కుట్టాడు. ఆ తరవాత పాఠం చెప్పాడు. వారానికోసారి తియ్యాలి. పళ్ళెంలో కిరసనాయిలు పోసి జాడించాలి, పిండకూడదు. నీడలో ఆరనివ్వాలి. ఆరాక ఇంజనాయిలులో ముంచి, కారేదంతా కారిపోయేదాకా వేలాడదియ్యాలి. ఆ జిడ్డుకే దుమ్ము అంటుకుంటుంది. డబ్బా లోపల శుభ్రంగా తుడిచి, చుట్ట బిగించి, మూత పెట్టాలి.

"గాలి సరిగ్గా అందకపోతే ఏమవుద్దో చెప్పనాండి? పల్లంలో బాగానే నడుస్తది. ఎత్తు ఎక్కమంటే మాత్రం నల్లటి పొగ కక్కి కూలబడుద్ది."

వంటింటి కిటికీ వెనక రాజకుమారి చెవులు నిక్కాయి.

ఆమె తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఆవరణలో పెరిగిన పిల్ల. ఆ మిల్లుకి ఆయిలింజను ఉండేది. తవుడు ధూళికి దాని గాలి డబ్బా రోజూ పూడిపోయేది. ఇంజను డ్రైవరు మీద ఆమె నాన్న వేసే కేకలతోనే ఆ ఇంట్లో తెల్లవారేది. కొండలరావు చెప్పినదంతా ఆమెకి పుట్టింటి కబురులా వినిపించింది. ఒక్క ముక్క తప్ప. ఎత్తు ఎక్కమంటే కూలబడుతుంది. మిల్లు ఇంజను పునాది మీద బిగించి ఉంటుంది కనక దానికి ఎత్తు ఎక్కే అవసరం రాలేదు.

ఏలూరు దారిలో ఎత్తు ఒకటే ఉంది. కాలవ మీద వంతెన. తెరచాప పడవలు కిందనుంచి పోవాలని దాన్ని ఒంటె మూపులా ఎత్తుగా కట్టారు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆమె మెల్లిగా మొదలుపెట్టింది.

"ఏవండీ, ఒక్కసారి ఆ బండి మీద నన్ను ఏలూరు తీసుకెళ్ళి సినిమా చూపించకూడదా?"

"మన ఇంటి ఆడవాళ్ళు తెర లేకుండా వెళ్ళరు. మోటారు సైకిలుకి తెర ఎక్కడ కడతాం?"

"దానికి తెర అక్కర్లేదండి. అది వెళ్ళాక ఆ దుమ్ములో ఎవరూ ఎవరికీ కనబడరు."

బాపిరాజు నవ్వు దాచుకున్నాడు. "ఇక ఆ బండి సంగతి నా చేతిలో ఉంది. ఫిల్టరు నేనే కడుగుతాను. కొండలరావు గడప తొక్కక్కర్లేదు. అదిప్పుడు కొల్లేరు అడ్డంగా కోసుకుపోతుంది, ఎక్కడా ఆగదు."

"ఆగితేనో?"

"ఆగదంటున్నాను కదా."

"ఆగితే ఏమిస్తారండీ?"

అతనికి పౌరుషం వచ్చింది. "ఈ వేసవిలో మూడు సార్లు అది దారిలో ఆగిందంటే నిన్ను వెనక కూర్చోబెట్టుకుని సినిమాకి తీసుకెళ్తాను. మాటంటే మాటే."

రాజకుమారి పెరుగు వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది. ఇక ఆమె అడగాల్సింది ఏమీ లేదు. ఆ ఇంట్లో మాటకి ఉన్న బరువు ఊరందరికీ తెలుసు. బాపిరాజు తండ్రి ఒకసారి కోపంలో, వంకాయ ముట్టనని అన్నాడు. ఆ తరవాత ఇరవై ఏళ్ళు బతికాడు. పోయేదాకా వంకాయ తినలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీసే వేళ, ఆమె బాపిరాజు దిండు కుట్టు ఒక చివర విప్పి, గుప్పెడు బూరుగు దూది తీసింది. పశువుల పాకకి ఆనించిన వసారాలో బండి నిలబెట్టి ఉంది. చెవుల నట్టు తిప్పింది. మూత తీసి, ఆయిలు చుట్టకి బయటివైపు దూది ఒత్తుగా కూరి, మూత పెట్టి, నట్టు బిగించి, చేతులు పేడకుప్పకి రాసుకుని కడుక్కుంది. పేడ వాసన ముందు ఆయిలు వాసన ఎవరికీ తెలియదు.

ఆ పని ఎవరూ చూడలేదని ఆమె అనుకుంది.

సాయంత్రం బండి మామూలుగానే ఇంట్లోంచి బయలుదేరింది. చదును దారిలో కాస్త బద్ధకంగా, అయినా మర్యాదగానే నడిచింది. వంతెన దగ్గర బాపిరాజు చెయ్యి తిప్పేసరికి ఒక్కసారి గుడగుడమని, నల్లటి పొగ వదిలి, సగం ఎక్కుడులో చచ్చిపోయింది. తన్ని తన్ని అతని కాలు పీకింది. విసుగొచ్చి బండిని కిందికి దొర్లించి, కాసేపు కూర్చుని, మళ్ళీ తంతే మాత్రం బుద్ధిగా పలికి, ఇంటిదాకా నడిచొచ్చింది.

మరుసటి వారం రెండోసారీ అంతే. ఆ పై వారం మూడోసారీ అంతే. ఇంటికి రమ్మంటే వస్తుంది, ఏలూరు పొమ్మంటే పోదు.

ప్రతి ఆదివారం పొద్దున బాపిరాజు వీధి అరుగు మీద పళ్ళెం పెట్టుకుని ఫిల్టరు కడిగేవాడు. శనివారం మధ్యాహ్నమే రాజకుమారి దూది తీసేసి, బట్టతో డబ్బా తుడిచేసేది. అతను మూత తీసేసరికి లోపల దూది పోగు కూడా ఉండేది కాదు. అందుకే బండి ఎందుకు ఆగుతోందని వెతికినప్పుడు అతను పెట్రోలు గొట్టం ఊదాడు, ప్లగ్గు గీకాడు, మాగ్నెటో విప్పి బిగించాడు, గొలుసుకి నూనె పట్టించాడు. గాలి డబ్బా వైపు మాత్రం పోలేదు. తన చేత్తో కడిగినదానిలో తప్పుండదని అతని నమ్మకం.

కొండలరావు మళ్ళీ వచ్చాడు. వస్తాడని తెలిసిన మధ్యాహ్నమే రాజకుమారి డబ్బా ఖాళీ చేసేసింది. కొండలరావు బండెక్కి వంతెన దాటి, అవతల దిగి, తిరిగి దాటుకుని వచ్చాడు.

"బండికేం లేదండి రాజుగారూ. గుర్రంలా ఎక్కింది."

"నేను ఎక్కితే?"

"అది మీకూ వంతెనకీ మధ్య విషయమండి. నాకేం తెలుస్తది."

ఇక మిగిలింది వేంకటాచలంగారు. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంతెన కట్టేటప్పుడు అక్కడ ఎవరో పడి చనిపోయారనీ, ఆ ప్రేతం పేకాటరాయుళ్ళని దాటనివ్వదనీ తేల్చారు. పేకాట సంగతి ఆయన చెవిన వేసింది రాజేశ్వరమ్మే అని బాపిరాజుకి అనుమానం కలిగింది గాని, పైకి అనలేకపోయాడు. హేండిలుకి చెరో పక్క నిమ్మకాయల దండ వేలాడింది.

ఆ రోజుల్లో ఇంకో చిన్న విషయం జరిగింది. బాపిరాజు నిద్ర లేస్తూనే మెడ రుద్దుకుంటూ, "ఈ దిండేమిటి, రోజురోజుకీ అప్పడంలా అయిపోతోంది?" అన్నాడు.

"ఎండలో వెయ్యాలండి, పొంగుతుంది," అంది రాజకుమారి.

పెరటి వసారాలో రాజేశ్వరమ్మ పళ్ళెంలో పత్తి పెట్టుకుని వత్తులు చేసుకుంటోంది. కార్తీకంలో లక్షవత్తులు వెలిగించాలని ఆవిడ సంకల్పం. ఏడాది పొడవునా ఆవిడ చెయ్యి తొడ మీద వత్తి నులుముతూనే ఉంటుంది. నవ్వినట్టు లేదు, తల కూడా ఎత్తలేదు. వత్తి మాత్రం ఒకటి వంకర పోయింది. దాన్ని తీసి పక్కన పడేసింది.

*

మూడోసారి బండి ఆగిన రాత్రి బాపిరాజు అన్నం తింటూ తింటూ ఆగి, "వచ్చే ఆదివారం మ్యాటినీకి," అన్నాడు. అంతే అన్నాడు. రాజకుమారి చేతిలో గరిట నేల మీద పడింది.

తల్లికి మాత్రం తెలియకూడదని నిర్ణయమైంది. రాజకుమారి పక్క ఊళ్ళో పినతల్లి ఇంటికని గూడుబండిలో బయలుదేరాలి. బండి తోలే తాతారావు ఆమె పుట్టింటినుంచి వెంట వచ్చినవాడు, నోరు విప్పడు. తుమ్మచెట్ల మలుపులో ఆమె దిగితే, బాపిరాజు అక్కడికొచ్చి ఎక్కించుకుంటాడు. సినిమా అయ్యాక మళ్ళీ తుమ్మల దగ్గరే గూడుబండి.

ఆదివారం పొద్దున బాపిరాజు అరుగు మీద కూర్చుని ఫిల్టరు ఎన్నడూ లేనంత శ్రద్ధగా జాడించాడు. రాజకుమారి కిటికీలోంచి చూస్తూనే ఉంది. కిరసనాయిలు రెండుసార్లు మార్చాడు. చుట్ట ఆరాక ఇంజనాయిలులో ముంచి, దూలానికి వేలాడదీసి, కింద రేకు పెట్టి, ఆఖరి చుక్క కారేదాకా కాచుకున్నాడు. బిగించాడు. ఆమె మనసు కుదుటపడింది. ఈ రోజు బండి ఆగడానికి ప్రపంచంలో కారణమే లేదు.

భోజనాలయ్యాక ఆమె లోపల ఆకుపచ్చ చీర కట్టుకుంటున్న కాసేపట్లో వసారాలో ఏం జరిగిందో ఆమెకి తెలియదు.

తుమ్మల దగ్గర ఆమె బండి వెనక సీటు మీద పక్కకి తిరిగి కూర్చుంది. తల మీంచి శాలువా కప్పుకుంది. ఒక చెయ్యి సీటు పట్టీ మీద, ఒక చెయ్యి మొగుడి భుజం మీద. బండి కదిలింది. ఎండిన కొల్లేరు రెండు పక్కలా పరుచుకుని ఉంది. దూరంగా నీళ్ళు మిగిలిన చోట కొంగలు తెల్లగా లేచాయి. ఎడ్ల తోకలు కాకుండా ఆమె చూసిన మొదటి దృశ్యం అది. శాలువా జారితే సర్దుకోలేదు.

"బద్ధకంగా నడుస్తోందేం?" అన్నాడు బాపిరాజు.

ఆ నడక ఆమెకి తెలుసు.

వంతెన వచ్చింది. బాపిరాజు చెయ్యి తిప్పాడు. బండి గుడగుడమంది. నల్లటి పొగ నిమ్మకాయల దండ మీదుగా సాగింది. సరిగ్గా సగం ఎక్కుడులో చచ్చిపోయింది.

బాపిరాజు దిగాడు. నిమ్మకాయల వంక, వంతెన వంక, ఆకాశం వంక చూశాడు. "నా ఖర్మ," అని తన్నడం మొదలుపెట్టాడు.

"ఏవండీ, ఆ గాలి డబ్బా ఒకసారి విప్పండి."

"దాని జోలికి వెళ్ళకు. పొద్దున నా చేత్తో కడిగాను."

"కడగడం నేనూ చూశానండి. అయినా విప్పండి."

"ప్లగ్గయ్యుంటుంది."

అప్పుడే వంతెన అవతలి పక్కనుంచి ఒక గొంతు వినిపించింది. ఆయాసపడుతూ విష్ణునామాలు చదువుతున్న గొంతు. వేంకటాచలంగారు ఏలూరులో ఏదో కార్యం చూసుకుని వస్తున్నారు. సైకిలు తోసుకుంటూ ఎక్కుడు ఎక్కేటప్పుడు ఆయాసం తెలియకుండా నామాలు పైకి చదవడం ఆయన అలవాటు. మూపు మీదికి వచ్చేదాకా ఆయనకి వీళ్ళు కనబడరు. వచ్చాక మాత్రం, ఘోషా ఇంటి కోడలు మిట్టమధ్యాహ్నం వంతెన మీద నిలబడి ఉండటం ఆయనా చూస్తారు, పొద్దుగూకేలోగా కైకలూరు దాకా అందరికీ చూపిస్తారు.

"తిప్పేద్దాం," అన్నాడు బాపిరాజు. "కిందికి దొర్లిస్తే ఇంటికి నడుస్తుంది."

ఇంటికైతే నడుస్తుంది. సినిమా మాత్రం ఇక ఈ జన్మకి లేదు. రాజకుమారి ఇక ఆలోచించలేదు. ఎక్కుడులో మోకాళ్ళ మీద కూర్చుని, చెవుల నట్టుని రెండు వేళ్ళతో గిర్రున తిప్పింది. కళ్ళు మూసుకుని కూడా ఆ పని చెయ్యగలిగినంత అలవాటు ఆ వేళ్ళకి.

బాపిరాజు ఆ వేళ్ళనే చూస్తున్నాడు.

మూత రాగానే లోపల కుక్కినవి పొంగుకొచ్చి ఆమె ఒళ్ళో పడ్డాయి. వత్తులు. ఆయిలు పీల్చుకుని నల్లబడ్డ వత్తులు, వంకరవి, పొట్టివి, దేవుడికి పనికిరావని పక్కన పడేసినవి.

అవతల నామాలు దగ్గరవుతున్నాయి.

బాపిరాజు ఒక వత్తి తీసి ఎత్తి పట్టుకున్నాడు. "ఇది అమ్మ వత్తి."

"అలాగే ఉందండి."

"అంటే ఇన్నాళ్ళూ ప్రేతం కాదు, వంతెన కాదు. మా అమ్మ."

రాజకుమారి తల వంచుకుంది. మాట్లాడకపోతే చాలు, మూడు సాయంత్రాల పాపమూ అత్తగారి ఖాతాలో పడిపోతుంది. మాట్లాడకూడదని ఆమె గట్టిగా నిశ్చయించుకుంది కూడా. కాని బాపిరాజు మూత చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. దాని అంచు మడతలో తెల్లటి పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. గోటితో లాగాడు. ఊదితే గాలిలో తేలింది.

"అమ్మ చేసేది నూలు పత్తితో. ఇది బూరుగు దూది."

"అవునండి."

"మనింట్లో బూరుగు దూది దిండు ఒక్కటే ఉంది."

"అవునండి."

"అది నా తల కింద ఉంటుంది."

"ఇప్పుడు సగమే ఉందండి."

బాపిరాజు మెడ రుద్దుకున్నాడు. "అయితే పందెం చెల్లదు. పద ఇంటికి."

రాజకుమారి లేచి నిలబడింది. భయం పోయింది. మిల్లు ఆవరణలో పెరిగిన గొంతు బయటికి వచ్చింది. "మూడు సార్లు ఆగితే తీసుకెళ్తానన్నారు. దానంతట అదే ఆగితే అనలేదు కదండీ."

"అది వాదన."

"మామయ్యగారు వంకాయ ఎందుకు మానేశారండీ?"

"కూరలో పురుగొచ్చిందని."

"తరవాత అది పురుగు కాదు, మాడిన ఉల్లిపొర అని తెలిసిందట కదా. అత్తయ్యగారు చెప్పారు. అప్పుడు తిన్నారా?"

తండ్రి పళ్ళెంలో ఇరవై ఏళ్ళు కనబడని గుత్తివంకాయ బాపిరాజు కళ్ళ ముందు నిలిచింది.

"తినలేదు," అన్నాడు చివరికి.

మూత పెట్టాడు. నట్టు ఆమే బిగించింది. బండిని ఒక్క తన్ను తంతే పలికింది. వత్తులన్నీ జేబులో కుక్కుకుని అతను ఎక్కాడు. ఆమె ఎక్కి శాలువా కళ్ళదాకా లాక్కుంది.

వేంకటాచలంగారు మూపు మీదికి చేరి ఊపిరి తీసుకుంటున్న సమయానికి, కిందనుంచి భీకరమైన చప్పుడుతో, నిమ్మకాయలు ఊగుతుండగా, మోటారు సైకిలు గాలిలోకి లేచినట్టు పైకొచ్చి ఆయన్ని రాసుకుంటూ దూసుకుపోయింది. ఆయన చూసింది బాపిరాజుని. అతని వెనక తలా మొహమూ లేని ఆకారం ఒకటి కూర్చుని ఉంది. ఆయన సైకిలు వదిలేసి పిట్టగోడ పట్టుకున్నారు.

*

సినిమా ఎలా ఉందని ఎవరైనా అడిగితే రాజకుమారి కథ చెప్పలేకపోయేది. హాలు గుమ్మం దగ్గర అమ్మిన జామకాయల గురించీ, దారిలో గాలి గురించీ మాత్రం చెప్పేది.

తుమ్మల దగ్గర గూడుబండి మారి, తెరలు దించుకుని ఆమె ఇల్లు చేరేసరికి పొద్దు గుంకుతోంది. పెరటి వసారాలో రాజేశ్వరమ్మ వత్తులు చేసుకుంటోంది. ఎదురుగా వేంకటాచలంగారు మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చున్నారు. కోడలు గబగబా తలుపు చాటుకి తప్పుకుంది.

"నా నిమ్మకాయలు వృథా పోలేదమ్మా," అంటున్నారాయన. "మీ అబ్బాయి ఆ ప్రేతాన్ని బండి వెనక ఎక్కించుకుని వంతెన దాటించేశాడు. కళ్ళారా చూశాను. ఏలూరు పొలిమేరలో దింపేసి ఉంటాడు. ఇక భయం లేదు."

"అలాగా అండీ," అంది రాజేశ్వరమ్మ. "ఆ ప్రేతం ఏ రంగు చీర కట్టుకుందో గమనించారా?"

ఆయన ఆలోచించారు. "ఆకుపచ్చ."

"జరీ అంచా?"

"అవునమ్మా. మీకెలా తెలుసు?"

"ఉగాదికి నేనే పెట్టాను లెండి," అని ఆవిడ ఇంకో వత్తి చేతిలోకి తీసుకుంది. ఆయనకి అర్థం కాలేదు. మజ్జిగ తాగేసి, ప్రేతాలకి చీర పెట్టే ఇళ్ళూ ఉంటాయి కాబోలు అనుకుంటూ వెళ్ళిపోయారు.

తలుపు చాటునుంచి కోడలు బయటికి రాలేదు. రాజేశ్వరమ్మే పిలిచింది.

"అమ్మాయీ, ప్రేతానికి సినిమా నచ్చిందా?"

రాజకుమారి వచ్చి ఆవిడ పక్కన కూలబడింది. "మీకు ఎప్పటినుంచి తెలుసు అత్తయ్యగారూ?"

"మొదటి రోజునుంచీ. ఇక్కడ కూర్చుంటే ఆ వసారా కనబడదనుకున్నావా? నువ్వు మూత తీసినప్పుడల్లా నా వత్తి వంకర పోయేది. నా కొడుకు సాయంత్రం దీపాల వేళకి ఇంటికి రావడం ఎన్నాళ్ళకి చూశానో. వేడి అన్నం తిన్నాడు. నీ నోరూ నా నోరూ మూసుకుని ఉంటే చాలని ఊరుకున్నాను. ఇవాళ నువ్వు పినతల్లి ఇంటికి పోతూ దూది మర్చిపోయావనుకున్నాను. వాడేమో జుబ్బా వేసుకుని తయారయ్యాడు. పేకాటకే అనుకున్నా. అందుకని నా చేతనైంది కూరాను." చేతిలోని వత్తి పళ్ళెంలో పెట్టింది. "సినిమాకని చెబితే కూరేదాన్ని కాదు కదా."

"చెబితే వెళ్ళనిచ్చేవారా అండీ?"

రాజేశ్వరమ్మ పళ్ళెంలో పత్తి సర్దుకుంది. వీధి వైపు మోటారు సైకిలు చప్పుడైంది.

బాపిరాజు లోపలికొచ్చి, జేబులోంచి నల్లటి వత్తులు తీసి తల్లి పళ్ళెంలో పోశాడు. తల్లి వంక చూశాడు, భార్య వంక చూశాడు. ఇద్దరూ పత్తి వంక చూశారు. అతను సామాన్ల గది వైపు వెళ్ళాడు. కాసేపటికి వసారాలో సుత్తి చప్పుడు వినిపించింది. గాలి డబ్బా మూతకి కొక్కెం కొట్టాడు. దానికి బుల్లి ఇత్తడి తాళం వేశాడు.

"ఇక చూస్తాను, ఇందులో దూది ఎవరు పెడతారో, వత్తి ఎవరు పెడతారో," అని గర్వంగా వచ్చాడు. వచ్చి, చిన్నప్పటినుంచీ అలవాటైనట్టు, తాళంచెవి తల్లి చేతికిచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ ఇంట్లో ధాన్యం కొట్టు తాళమైనా, ఇనప్పెట్టె తాళమైనా, ఊరగాయ గది తాళమైనా, చెవి చేరేది రాజేశ్వరమ్మ మొలలోకే. ఆవిడ బుల్లి చెవిని గుత్తిలో గుచ్చింది. గుత్తి గలగలమంది. కోడలి వంక ఓరగా చూసింది.

"మ్యాటినీ ఏ రోజు ఉంటుందన్నావు?"

"ఆదివారమండి."

"అయితే ఆదివారం తాళం తియ్యను. ఆ పూట వాడు కడిగింది కడిగినట్టే ఉంటుంది." ఆవిడ పళ్ళెంలోంచి వంకర వత్తులు ఏరి విడిగా మూట కట్టడం మొదలుపెట్టింది. "శాలువా మాత్రం సరిగ్గా కప్పుకో. మొహం ఆయనకి తెలియలేదు గాని, అంచు తెలిసిపోయింది."

మర్నాడు సోమవారం. పొద్దువాలాక బాపిరాజు తల దువ్వుకుని బండి తీశాడు. తాళం లాగి చూసుకున్నాడు. గట్టిగానే ఉంది. దుమ్ము లేపుకుంటూ, కాస్త బద్ధకంగా, బండి మలుపు తిరిగింది.

రాజకుమారి కిటికీ దగ్గరనుంచి పొయ్యి దగ్గరికి వచ్చింది. రాజేశ్వరమ్మ వత్తి నులుముతూ, తల ఎత్తకుండానే అంది.

"ఎసరు పెట్టు అమ్మాయీ. వంతెన దాకా వెళ్ళి వచ్చేస్తాడు."